ముట్టు ఆగిన ఏడాది

నా నలభై తొమ్మిదో ఏట నేనంటే ఎవరికీ పడలేదు. నాకూ ఎవరూ పడలేదు.

ఇంట్లో ఆయన అన్నం నమిలే చప్పుడు, పక్కింటి మిక్సీ, ఫోన్లో మా అమ్మాయి "సరే మమ్మీ" అని సాగదీసే తీరు, బస్సులో కిటికీ పక్కన కూర్చుని కిటికీ మూసేసే మనుషులు, అన్నిటి మీదా ఒకటే కోపం. పొద్దున పళ్ళు తోముకుంటూ ఆ రోజు ఎవరిని ఏమనాలో మనసులో మాటలు కూర్చుకునేదాన్ని. అనే అవకాశం రాకపోతే దానికీ కోపమే.

నేను నర్సును. కాగితాల్లో ఏఎన్ఎం అని రాస్తారు, ఊళ్ళో నర్సమ్మ అంటారు. ఇల్లు నాగర్‌కర్నూల్‌లో. ఉద్యోగం తెలకపల్లి మండలంలో ఒక ఊరి సబ్ సెంటర్‌లో. ఆ ఊరి పేరు రాయను. ఇరవై నాలుగేళ్ళుగా అదే పని చేస్తున్నాను. టీకాలు, గర్భిణుల బరువు, రక్తం మాత్రలు, ఒకప్పుడైతే కాన్పులు కూడా. ఒక ఆడమనిషి పిల్లల్ని కనే వయసులో ఉన్నంతకాలం ఆమె నా పని. ముట్టు ఆగిపోయాక ఆమె నా పని కాదు. అలా అని ఎవరూ నాకు చెప్పలేదు. నేనే అనుకున్నాను.

నాకు నెలసరి మొదట రెండు నెలలకోసారి వచ్చింది. తర్వాత నాలుగు నెలలకు వచ్చి పదిహేను రోజులు పోయింది. ఆ తర్వాత రాలేదు. నర్సును కదా, ఇదేమిటో నాకు తెలుసు. తెలుసు కాబట్టే పట్టించుకోలేదు. శిక్షణలో దీని గురించి చదివింది రెండు పేజీలు. ఒళ్ళు వేడెక్కుతుంది, చెమట పడుతుంది, నిద్ర తగ్గుతుంది, కొందరికి చిరాకు ఉంటుంది. చిరాకు అనే ఆ మాట రాసిన మనిషెవరో గాని, వాళ్ళకు ఏమీ తెలియదు.

మా వైపు ఎండాకాలంలో ఒంట్లో ఆవిరికీ బయటి ఎండకూ తేడా తెలియదు. నాకు డిసెంబరులో తెలిసింది. అందరూ స్వెట్టర్లు వేసుకుని పిల్లల్ని దుప్పట్లలో చుట్టుకుని టీకాలకు వచ్చారు. నేను సూది చేతిలో పట్టుకున్నాను. కడుపులోంచి మంట లేచి మెడకు పాకి, ముఖమంతా కాలింది. చెమట కనుబొమ్మల మీంచి కంట్లోకి కారింది. రవిక వీపుకు అతుక్కుపోయింది. వరసలో ఉన్న ఆడవాళ్ళు నా ముఖం వంకే చూస్తున్నారు.

"ఏందమ్మా చూస్తరు? సినిమానా?" అన్నాను.

అందరూ చూపులు పిల్లల మీదికి తిప్పుకున్నారు. దాని మీద కూడా కోపం వచ్చింది.

మా ఆయన ఎరువుల దుకాణంలో గుమాస్తా. మెతక మనిషి. గట్టిగా మాట్లాడితే తన గొంతుకు తానే ఉలిక్కిపడతాడు. ఒకరోజు పొద్దున పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాడు. గిన్నె తీసుకెళ్ళి మొత్తం పెరట్లో పారబోశాను. ఆయన ఖాళీ గిన్నెకేసి చూసి మెల్లగా అన్నాడు.

"నీకేమైంది ఈ నడుమ? దిష్టి గిట్ల తగిలిందా? ఐతారం నాడు శ్రీరంగాపూర్ పోయొద్దాం పా. స్వామికి మొక్కుకుందాం."

"మొక్కుకో. నోరు మూసుకునే బుద్ధి నీకియ్యమని మొక్కుకో."

ఆ రోజు నుంచి ఆయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం మానేసి బస్టాండు దగ్గర హోటల్లో తినడం మొదలుపెట్టాడు. అది తెలిసి నేను సంతోషించాను. రెండు రోజులు పోయాక, నన్ను వదిలేసి హోటల్లో కూర్చుని హాయిగా తింటున్నాడని దాని మీద గొడవ పెట్టుకున్నాను.

మా అమ్మాయి వనపర్తిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సెలవులకు వచ్చింది. వచ్చిన మూడో రోజు, నేను ఆరేసిన బట్టలు మడతపెట్టలేదని మొదలైంది. మాటా మాటా పెరిగింది. ఆ పిల్ల కూడా నా కూతురే, తగ్గదు. చివరికి నేనన్న మాట ఇక్కడ రాయడానికి నాకు మూడేళ్ళు పట్టింది. "నిన్ను కనకపోతే నా పానం గిట్ల అయ్యేది కాదు" అన్నాను. అది అబద్ధం. అది అబద్ధమని అంటున్నప్పుడే నాకు తెలుసు. ఆ పిల్ల బ్యాగు సర్దుకుని పన్నెండు గంటల బస్సుకు వెళ్ళిపోయింది. తర్వాత రెండు నెలలు నాతో మాట్లాడలేదు. తండ్రికి ఫోను చేసేది. ఆయన పెరట్లోకి వెళ్ళి మాట్లాడేవాడు.

ఇంతవరకూ ఇంటి సంగతి. ఇంట్లో వాళ్ళు పడ్డారు, పడతారు అనుకున్నాను. ఆ తర్వాత జరిగింది నా పనిలో.

మాకు బుధవారం టీకాల రోజు. ఒక పిల్ల తల్లి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో, తనే ఇంకా పిల్ల. చంకలో మూడున్నర నెలల ఆడపిల్ల. టీకాల కార్డు తీసి ఇచ్చింది. అది నీళ్ళలో నాని, ఆరి, అప్పడంలా వంకర తిరిగి ఉంది. రాసినవన్నీ అలుక్కుపోయాయి. ఏ టీకా ఎప్పుడు వేశామో మళ్ళీ రాసుకోవచ్చు, మా రిజిస్టర్లో అన్నీ ఉంటాయి. రెండు నిమిషాల పని. కానీ నాకు చెవుల్లో హోరు మొదలైంది.

"కనుడైతే చాతనైంది గని కార్డు దాచుడు చాతకాలేదా నీకు?" అని ఆ కార్డును గుమ్మం బయటికి విసిరేశాను.

ఆ పిల్ల ఏడవలేదు. బయటికి వెళ్ళి వంగి కార్డు తీసుకుంది. కొంగుతో దుమ్ము తుడిచింది. బిడ్డను సర్దుకుని ఇంటిదారి పట్టింది. ఆశా వర్కర్ వెనకాల పరుగెత్తి పిలిచినా ఆగలేదు. బిడ్డకు ఆ రోజు టీకా పడలేదు.

ఇన్నేళ్ళలో నేను ఎన్ని తప్పులు చేసినా ఒక బిడ్డను టీకా లేకుండా వెనక్కి పంపలేదు. వర్షంలో నడిచి వెళ్ళి వేసిన రోజులున్నాయి. అచ్చంపేట వైపు పత్తి ఏరడానికి పోయిన కుటుంబాలు తిరిగొచ్చేదాకా కనిపెట్టుకుని ఉండి వేశాను. ఆ ఒక్క గర్వమే ఉండేది నాకు, అదీ పోయింది. పోయిందని కూడా నేను ఒప్పుకోలేదు. ఆ పిల్లదే తప్పు అనుకున్నాను.

ఆ పిల్ల అత్త పీహెచ్‌సీకి వెళ్ళి చెప్పింది. మెడికల్ ఆఫీసరు నన్ను పిలిపించాడు. ముప్పై ఏళ్ళవాడు, నా కళ్ళ ముందు ఉద్యోగంలో చేరినవాడు. మర్యాదగానే అడిగాడు.

"మేడం, ఇంట్లో ఏమన్న ప్రాబ్లమా? ఆరోగ్యం మంచిగున్నదా?"

"నాకేం కాలే. మంచిగున్న."

"వయసు కూడా... అంటే, ఈ టైంలో జర..."

"ఏ టైంలో సారూ? చెప్పండి."

పాపం, అతని ముఖం ఎర్రబడింది. చేతిలో కాగితాలు అటూ ఇటూ సర్దాడు. వెళ్ళి ఆ పాపకు టీకా వేసి రమ్మన్నాడు. తలుపు దడాలున వేసి వచ్చాను.

మర్నాడు టీకా పెట్టె భుజాన వేసుకుని ఆ ఇంటికి వెళ్ళాను. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపలికి రానివ్వలేదు.

"మేము తెలకపల్లి పోయి ఏపించుకుంటం. నీ చేతుల ఏపించం" అంది.

"ఆలస్యం చేయకుండ్రి. పిల్లకు మంచిది కాదు."

"మంచి చెడ్డ నువ్వు చెప్తవా నర్సమ్మా? కార్డు ఇసిరినప్పుడు యాడ పోయింది మంచి?"

నేను మళ్ళీ నోరు తెరవబోతున్నాను. ఏదో గట్టిగా అనేదాన్నే. పక్కింటి అరుగు మీంచి ఒక గొంతు వినిపించింది.

"నర్సమ్మా. ఆవిర్లు వస్తున్నయా?"

చూశాను. గాజులామె. ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ గాజుల మలారం నెత్తిన పెట్టుకుని తిరిగి అమ్ముకునే ముస్లిం ఆవిడ. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. ఎన్నోసార్లు దారిలో ఎదురైంది గాని మేమిద్దరం ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకున్నది లేదు. అరుగు మీద మలారం విప్పి, పగిలిన గాజులు ఏరి పక్కన పడేస్తోంది. నా వైపు చూడకుండానే అడిగింది.

"ఆవిర్లు, నిద్ర పట్టకపోవుడు, ఎవరి మొకం చూసినా మండుడు. గంతేనా, ఇంకేమన్న ఉన్నదా?"

"నీకెందుకమ్మా?" అన్నాను.

"నీకేం రోగం లేదు. చేతులు ఖాళీగుంటే మనసు గిట్లనే ఆడుతది. పోయి పని చేస్కో."

నాకు అర్థం కాలేదు. నన్ను తిడుతోందా, సలహా చెబుతోందా అనుకుంటూ నిలబడ్డాను. అప్పుడామె తల ఎత్తింది.

"నా మాటలు కావు ఇవి. నీవే. ఆరేండ్ల కింద నీ దగ్గరికొస్తే నాకు నువ్వు చెప్పినవు."

నాకు గుర్తు లేదు. ఈ రోజుకీ గుర్తు రాలేదు. ఎంతమందితో అన్నానో ఆ మాట, ఎన్నిసార్లు అన్నానో. అంత అలవాటుగా అన్నది ఒకరి ముఖంతో కలిపి ఎలా గుర్తుంటుంది?

ఆమె గాజులు ఏరుతూనే చెప్పింది. గొంతు పెంచలేదు. ఆ రోజు నా దగ్గరి నుంచి వెళ్ళాక పని చేసుకుందట. గాజులు అమ్మింది, వండింది, కోడలికి పురుడు పోసింది. లోపల మాత్రం ఏదో రోజురోజుకూ అడుగంటిపోయిందట. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఒక మధ్యాహ్నం బావి గట్టు మీద పోయి కూర్చుంది. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. కోడలు వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చింది. తర్వాత గద్వాల నుంచి తమ్ముడొచ్చి తనతో తీసుకుపోయాడు. అక్కడ ఒక ఆడ డాక్టరు చూసి, ఇది ఒంటిదీ మనసుదీ రెండూ అని చెప్పి, మనసు డాక్టరు దగ్గరికి పంపింది. ఎనిమిది నెలలు మందులు వాడిందట.

"పిచ్చి గోలీలు మింగుతున్నదని ఊళ్ళె అన్నరు. అననీ. బతికిన" అంది. తర్వాత మలారం ముడి వేస్తూ, "నువ్వు గూడ పోయి పని చేస్కో నర్సమ్మా. మస్తు పనున్నది నీకు" అంది.

ఒక మంచి మనిషి అయితే అక్కడే ఏదో ఒకటి అనేది. నేను, "అప్పుడు దినాము నూరుమంది వచ్చేటోళ్ళు. నాకేం యాదికుంటది?" అని విసురుగా తిరిగి వచ్చేశాను. మాట నోటినుంచి వచ్చాక దాన్ని పట్టుకోవడం అప్పట్లో నా చేతిలో లేదు. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను.

తర్వాతి పది రోజుల్లో నాలో కోపం తగ్గింది. అది బాగయినట్టు కాదు. కోపం పోయిన చోట ఇంకేమీ రాలేదు. అన్నం తింటే మట్టి తిన్నట్టుంది. ఎవరైనా పలకరిస్తే మాట వెతుక్కోవలసి వచ్చేది. ఒకరోజు మధ్యాహ్నం పని ముగించుకుని తెలకపల్లిలో బస్సు కోసం కూర్చున్నాను. నాగర్‌కర్నూల్ బస్సు వచ్చింది, పోయింది. రెండోది వచ్చింది, పోయింది. మూడోది కూడా. లేచి ఎక్కాలి అని తెలుసు. ఎక్కి ఎక్కడికి పోవాలి, పోయి ఏం చేయాలి అనిపించింది. ఇక చాలు అనిపించింది. ఆ మాట నాలో అంత నెమ్మదిగా, అంత మామూలుగా వచ్చేసరికి నాకు భయం వేసింది. గాజులామె కూర్చున్న గట్టు మీదే నేనూ కూర్చున్నానని తెలిసింది.

ఫోను తీసి అమ్మాయికి చేశాను.

"ఇప్పుడు యాదికొచ్చిన్నా నేను?" అంది.

చాలాసేపు ఏడ్చాను. చుట్టూ మనుషులు చూస్తున్నా ఏడ్చాను. అమ్మాయి ఫోను పెట్టేయలేదు.

"యాడున్నవు?"

"తెలకపల్లి బస్టాండుల."

"ఆడనే కూసో. డాడీని పంపిస్త. నువ్వు లేవకు." పెట్టేసే ముందు, "నేను ఇంకా నీ మీద కోపంగనే ఉన్న. గది యాదికుంచుకో" అంది.

వాళ్ళ నాన్న మోటారుసైకిల్ మీద వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ వారమే వనపర్తిలో ఒక ఆడ డాక్టరు దగ్గరికి అమ్మాయి తీసుకెళ్ళింది. డాక్టరుకు నలభై ఏళ్ళుంటాయి. మాట కటువు. నేను వెళ్ళగానే మొదటి మాటగా, "నేను నర్సునమ్మా, ఇది ఏందో నాకు తెలుసు" అన్నాను.

"తెలిస్తే ఇన్ని రోజులు ఎందుకు రాలే?" అంది.

రక్తం, థైరాయిడ్, బీపీ, షుగరు పరీక్షలు రాసింది. నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఎట్లా ఉంది, పాత విషయాలు పదేపదే తలుచుకుంటున్నానా అని అడిగింది. ఏడుపొస్తుందా అని అడిగింది.

"కోపం వస్తది."

"కోపం కాకుంటే ఏమొస్తది?"

"ఏం రాదు."

"బతకబుద్ధి కాలేదా ఎప్పుడన్న?"

ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు. ఆమె అంత మామూలుగా, జ్వరం ఉందా అన్నట్టు అడిగేసరికి ఒకరోజు కాలేదని చెప్పగలిగాను. పక్కన అమ్మాయి చెయ్యి బిగుసుకుంది. డాక్టరు అదిరిపోలేదు, జాలి చూపలేదు. ఈ వయసులో ఒళ్ళు మారుతున్నప్పుడు కొందరికి మనసు కూడా జబ్బు పడుతుందని, అది బలహీనతా కాదు, దయ్యమూ కాదని, మందు ఉందని చెప్పింది. అదే రోజు మనసు డాక్టరుకు చూపించింది. ఆయన మాత్రలు రాసి, మొదటి మూడు వారాలు ఏ గుణమూ కనిపించకపోవచ్చని, అయినా మానొద్దని, మళ్ళీ ఆ 'చాలు' అన్న మాట మనసులోకి వస్తే ఒంటరిగా ఉండకుండా వెంటనే ఎవరికైనా చెప్పమని చెప్పాడు.

ఇంటికి వచ్చాక మా ఆయన మాత్రల పొట్లం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పిచ్చి గోలీలా? ఆఫీసుల తెలిస్తే ఎట్ల?"

"తెల్వనీ. నేనే చెప్త."

"మా అక్కకు తెలిస్తే..."

"మీ అక్కకు కూడ నేనే చెప్త. ఫోన్ చెయ్యి, ఇప్పుడే చెప్త."

చేయలేదు. రెండోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం వెంట వచ్చాడు. బయట బెంచీ మీద కూర్చున్నాడు. డాక్టరు లోపలికి పిలిచి, ఏమైనా అడగాలంటే అడగమంది. అంతా విని, చివరికి ఆయన అడిగింది ఒక్కటే. "ఇది ఎన్ని దినాలుంటది మేడం?" వానలు ఎప్పుడు పడతాయి అన్నట్టు అడిగాడు. బస్సెక్కి ఇంటికి వచ్చేదాకా ఆ ప్రశ్న కోసం ఆయన్ను అసహ్యించుకున్నాను. ఏమైందని కాదు, ఎట్లున్నదని కాదు, ఎన్ని దినాలని అడిగాడు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన కూడా దినాలు లెక్కపెట్టుకునే స్థితిలోనే ఉన్నాడు. అయినా ఆ ప్రశ్నను నేను ఇంకా మాఫ్ చేయలేదు.

మూడు వారాలు నోరు ఎండిపోయింది, కడుపులో తిప్పింది, ఏ మేలూ కనపడలేదు. మానేద్దామని రెండుసార్లు పొట్లం చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళాను. రోజుకు ఆరుసార్లు తాగే చాయ్ రెండుకు తెచ్చాను, ఎందుకంటే చాయ్ తాగిన ప్రతిసారీ ఆవిరి లేచేది. పొద్దున అరగంట నడిచాను. నడుస్తూ ఊరందరినీ మనసులో తిట్టుకున్నాను. ఐదో వారంలో ఒక పొద్దున వంకాయలు తరుగుతుంటే పక్కింటి మిక్సీ మోగింది, ఆగింది. ఆగాక నాకు తట్టింది, అది మోగినంతసేపూ నేను ఎవరినీ ఏమీ అనుకోలేదని. కత్తిపీట ముందు అలాగే కూర్చుండిపోయాను.

ఒళ్ళు కొంచెం తేలికపడ్డాక సిగ్గు మొదలైంది. అంతకు ముందు సిగ్గుకు కూడా చోటు లేదు. గాజులామె ఇంటికి వెళ్ళాను. బియ్యం చెరుగుతోంది.

"అక్కా, తప్పైంది. నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను.

"ఏంటికి?"

"నీకు అప్పుడు గట్ల చెప్పినందుకు. మొన్న మళ్ళ అట్ల మాట్లాడినందుకు."

చాట కింద పెట్టింది. "ఇప్పుడు అక్కనైననా నేను? నీకు ఒంటిమీదికొచ్చినంక అక్కనైన. రాకపోతే ఇంకా 'ఏమమ్మా' అనే పిలుస్తుంటివి." నేను తల వంచుకున్నాను. "ఇంట్లకొచ్చి చెవుల చెప్తే ఏమొస్తది? నువ్వు నన్ను పదిమంది ముందట అన్నవు. బయట లైనుల ఉన్నోళ్ళు నవ్విన్రు. మాఫీ ఇంట్ల ఎందుకు? మీటింగుల చెప్పు, దమ్ముంటే."

మళ్ళీ చాట అందుకుంది. కూర్చోమనలేదు. నేనే వచ్చేశాను. దారంతా ఆమెను తిట్టుకున్నాను. ఇంత దూరం వచ్చి అడిగితే అంత పొగరా అనుకున్నాను. రెండు రోజుల తర్వాత ఊళ్ళో మహిళా సంఘాల నెల మీటింగు ఉంది. వెళ్ళి, నాకు అరగంట కావాలని అడిగాను.

ముప్పైమంది దాకా ఉన్నారు. ఎప్పటిలా రక్తహీనత గురించి చెబుతానని అనుకున్నారు. నేను లేచి నిలబడి, నాకు ముట్టు ఆగిందని చెప్పాను. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆగిన ఏడాది నేను ఎలా ఉన్నానో చెప్పాను. మనసుకు మందులు వాడుతున్నానని చెప్పాను. నవ్వు ఆగిపోయింది. గాజులామె గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె నా దగ్గరికి ఇదే బాధతో వచ్చిందని, నేను నీకేం రోగం లేదు పొమ్మన్నానని, అది తప్పని అందరి ముందూ చెప్పాను.

ఆమె నా వైపు చూడకుండానే అంది. "ఒక్కసారి కాదు. మూడుసార్లొచ్చిన. మూడోసారైతే కూసోమని గూడ అనలే."

ఆ తర్వాత నేను ఊహించనిది జరిగింది. నేను అనుకున్నది ఏమిటంటే, నేను ధైర్యంగా చెబుతాను, వాళ్ళు మెచ్చుకుంటారు, తమ బాధలు చెప్పుకుంటారు. అలా జరగలేదు. వాళ్ళు నన్ను తిట్టారు. ఒకామె తన కాన్పులో నొప్పులకు అరిస్తే తొడ మీద కొట్టానని చెప్పింది. నిజమే, కొట్టాను. ఒకామె తన బిడ్డకు జ్వరమొస్తే మధ్యాహ్నం అన్నం వేళ వచ్చావేమని పంపేశానంది. ఒక ముసలావిడ నిలబడి, "నా కోడలి ముందట నన్ను నీకేం తెల్వదు ముసల్దానా అన్నవు" అంది. ఒకరి తర్వాత ఒకరు. నాకు తెలియకుండా ఇరవై నాలుగేళ్ళు వాళ్ళు నన్ను భరించారు. నేను వాళ్ళకు సేవ చేస్తున్నానని అనుకుంటూ ఉండిపోయాను.

మధ్యలో ఆవిరి వచ్చింది. అందరి ముందూ ముఖం ఎర్రబడి, చెమట గడ్డం మీంచి కారింది. టేబుల్ ఫ్యాను వాళ్ళ వైపు తిరిగి ఉంది. ఎవరూ దాన్ని నా వైపు తిప్పలేదు. నేనూ అడగలేదు. కొంగుతో తుడుచుకుని నిలబడ్డాను. గంట దాటింది. తిట్లు అయిపోయాక, ముందు వరసలో యాభై ఏళ్ళ రైతు భార్య ఒకామె, నన్ను అందరికంటే ఎక్కువ తిట్టినామె, ముఖం ముడుచుకునే అడిగింది.

"ఇంతకూ ఆ గోలీలు ఏం గోలీలు? నాకు సుత నిద్ర పట్టక ఏడాదైతుంది. నాట్ల కాడ కూలోళ్ళను ఊరికెనే తిడుతున్న. వాళ్ళు నా పొలానికి వస్తలేరు."

"నా గోలీలు నీకు పడవమ్మా. ముందుగాల పరీక్షలు చేపించాలె. నేను తీస్కపోత" అన్నాను.

"నువ్వు తీస్కపోతవా?" అని నవ్వింది. అది మంచి నవ్వు కాదు. అయినా మరుసటి సోమవారం బస్టాండుకు వచ్చింది. ఆమెకు థైరాయిడ్ తేలింది.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం సబ్ సెంటర్‌కు నలభై దాటిన ఆడవాళ్ళు వస్తారు. ఏడెనిమిది మంది. నెలసరి, నిద్ర, చెమటలు, మొగుడు, కోడలు, అన్నీ మాట్లాడతారు. ఎంతమందికి మందు కావాలి, ఎంతమందికి పరీక్షలు చాలు, ఎంతమందికి వినే మనిషి చాలు అన్నది నేను తేల్చను. డాక్టరు తేలుస్తుంది. బతకబుద్ధి అవుతోందా అని మాత్రం అందరినీ అడుగుతాను. మొదట్లో ఆ ప్రశ్నకు నా నాలుకే తడబడేది.

గాజులామె రాదు. అచ్చంపేట నుంచి వచ్చిన ఆమె వదినను ఒకరోజు గుమ్మం దాకా తెచ్చి, "ఈమెను చూడు" అని చెప్పి వెళ్ళిపోయింది. నా చేతికి గాజులు వేయమని అడిగితే, నీ సైజు లేదంది. నా సైజు మలారంలో పైనే ఉంది. టీకా కార్డు పిల్ల తెలకపల్లికే పోతోంది. బిడ్డకు అన్ని టీకాలూ పడ్డాయని ఆశా వర్కర్ చెప్పింది. నన్ను దారిలో చూస్తే ఆ పిల్ల పక్క సందులోకి తిరుగుతుంది. అడ్డుపడి మాట్లాడించే హక్కు నాకు లేదు.

డాక్టరు చెప్పినట్టు మాత్రలు మెల్లగా తగ్గించి, ఆపి నాలుగు నెలలైంది. ఆవిర్లు అప్పుడప్పుడు వస్తాయి. కోపం కూడా. అందులో వయసుది ఎంతో నాది ఎంతో కొంచెం కొంచెంగా తెలుస్తోంది. ఆయన తిన్న కంచం కడగకుండా లేస్తే వచ్చే కోపం నాదే, దానికి మందు లేదు. ఇప్పుడు ఆయనే కడుగుతున్నాడు.

అమ్మాయి ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. మొన్న కూడా చేసింది.

"మమ్మీ, ఎట్లున్నవ్? నిజం చెప్పు."

"నిజం చెప్పాల్నంటే, ఇయ్యాల ఎవరితోని మాట్లాడబుద్ధైతలేదు. నీతోని సుత."

"సరే. రేపు చేస్త" అని పెట్టేసింది. నేను వెళ్ళి ఉతికిన బట్టలు ఆరేసుకున్నాను.